ఇనప కొట్టు వెనక పియానో

నరసరావుపేట బజారులో పుట్టి పెరిగినవాళ్ళలో నాకన్నా గట్టి బేరగత్తె లేదని ఇప్పటికీ చెప్పుకుంటాను. రుజువు కావాలంటే ఇదిగో. పద్దెనిమిదేళ్ళ వయసులో నెలనెలా జీతం, వేసవి సెలవులు, ముసలితనంలో పింఛను వచ్చే టీచరు ఉద్యోగాన్ని వదులుకుని, పదకొండు మెట్లు పలకని పియానోను ఇంటికి తెచ్చుకున్నాను. ఊరికే తెచ్చుకోలేదు, గంటన్నర బేరమాడి తెచ్చుకున్నాను. దాంతోపాటు స్టూలు, రెండు కట్టల స్వరాల పుస్తకాలు కొసరుగా రాబట్టి, ఎడ్లబండి బాడుగ కూడా అవతలి మనిషి నెత్తినే వేశాను. అంత నష్టపు బేరాన్ని అంత దర్జాగా ముగించినవాళ్ళు మా వీధిలో ఇంకొకరు లేరు.

మాది ఇనప సామాను కొట్టు. గునపాలు, పారలు, చేదలు, నాగలి కర్రులు, తాళ్ళు అమ్మేవాళ్ళం. నాన్న గల్లాపెట్టె ముందు కూర్చుంటే నేను పక్కన చేరి, వచ్చిన రైతు చెప్పులు చూసి ఎంత దాకా దిగవచ్చో మనసులోనే లెక్క కట్టేదాన్ని. కొత్త చెప్పులైతే పత్తి అమ్ముకుని వచ్చినట్టే. అణా కూడా దిగనక్కర్లేదు. ఎనిమిదేళ్ళకే ఈ విద్య పట్టుబడింది. మేము క్రైస్తవులం కనుక ఆదివారం కొట్టు మూసేవాళ్ళం. పక్క కొట్టువాళ్ళు మా భక్తిని ఎంతో గౌరవించేవారు. ఆ రోజు మా గిరాకీ అంతా వాళ్ళకే పోయేది మరి.

పియానో మిషన్ కాంపౌండులో ఉండేది. అక్కడి బడిని నడిపే దొరసానమ్మ గారు సాయంత్రాలు వాయించుకునేవారు. పదేళ్ళప్పుడు నేను కిటికీ కింద నిలబడి వింటుంటే లోపలికి పిలిచారు. నేర్పిస్తారా అని అడిగాను. నేర్పిస్తాననీ, బదులుగా ఏమిస్తావనీ ఆమె నవ్వుతూ అడిగారు. ఆమె వేళాకోళానికి అన్నారు గాని, మా ఇంటి పిల్లను అలా అడగకూడదు. ఆమె వంటమనిషి వంకాయలకు రెట్టింపు ధర రాస్తున్నాడని నాకు తెలుసు. ఆ మాట చెప్పి, వారానికి ఒకసారి సంతలో ఆమె కూరగాయలు నేను బేరమాడి తెచ్చేటట్టు, ఆమె నాకు రెండు గంటలు పాఠం చెప్పేటట్టు ఒప్పందం కుదుర్చుకున్నాను. ఎనిమిదేళ్ళు ఆ ఒప్పందం తు.చ. తప్పకుండా సాగింది. వంటమనిషి మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు.

ఆదివారం ప్రార్థన కూడా ఆ పియానో ఉన్న హాల్లోనే జరిగేది. దొరసానమ్మ గారి వేళ్ళు కీళ్ళవాతంతో బిగుసుకుపోయాక పాటలకు నన్ను కూర్చోబెట్టారు. మా పాస్టరు గారు పాట ఎక్కడ ఎత్తుకుంటారో ఆయనకే తెలియదు. జలుబు చేస్తే కింద, పెళ్ళి భోజనం తిని వస్తే ఇంకా కింద, పండగ రోజు ఆకాశంలో. నూటయాభై మంది ఆయన వెంట పోతారు. ఆగండి, పియానోలో ఆ శ్రుతి లేదు అంటే వినేవాళ్ళెవరు? అందుకని ఆయన నోరు తెరిచిన మరుక్షణం ఆ శ్రుతి ఏ మెట్టు మీద ఉందో పట్టుకుని, పాట మొత్తాన్ని అక్కడికి జరిపి వాయించేదాన్ని. ఇది గొప్ప విద్య అని నాకెవరూ చెప్పలేదు. ముంత మూత పోతే ఇంకో మూత సరిచేయడం లాంటి పని అనుకున్నాను.

యుద్ధం మొదలయ్యాక దొరసానమ్మ గారిని మద్రాసుకు రమ్మన్నారు. వయసు మీద పడింది, ఓడ దొరికినప్పుడు స్వదేశం పోవాలి. వెళ్ళేముందు ఆమె నాకోసం ఒక ఏర్పాటు చేశారు. పియానోను గుంటూరులో ఒక ఆసామి నూరు రూపాయలకు అడిగాడు. ఆ నూరు నా ట్రైనింగు స్కూలు ఫీజు. ట్రైనింగు అయితే కాంపౌండు బడిలోనే ఉద్యోగం. అంతా కాగితం మీద రాసి పెట్టారు. ఆ కాగితం చదివి, నూరూ వద్దు, ట్రైనింగూ వద్దు, పియానో ఇవ్వండి అన్నాను. ఆమె గంటన్నర నచ్చజెప్పారు. నేను వెనక్కి తగ్గలేదు సరికదా, కొసరు అడిగాను. నేను పెద్ద కచేరీల్లో వాయిస్తానని ఆమె ఒకసారి అన్నారు. అది ముసలావిడ ముద్దుగా అన్న మాట. నేను దాన్ని ప్రామిసరీ నోటులాగా దాచుకున్నాను.

బండి మా కొట్టు ముందు ఆగినప్పుడు నాన్న ఒక రైతుకు చేద చూపిస్తున్నాడు.

"ఏందే ఇది?" అన్నాడు.

"పియానో, నాన్నా."

"అది కనపడతానే ఉంది. ట్రైనింగు కాగితం ఏదని అడుగుతున్నా."

చెప్పాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. రైతు చేతిలోంచి చేద తీసుకుని, అడిగిన ధరకే ఇచ్చేసి పంపించేశాడు. మా నాన్న మొదటి మాటకే సరుకు ఇవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇంటి గుమ్మంలో పియానో పట్టలేదు. కొట్టు వెనక గోడౌనులో పెట్టించాం. గోడౌనులో సగం ఒక మిరపకాయల వర్తకుడికి అద్దెకు ఇచ్చి ఉంది. రెండో సగం కూడా ఆయనకే ఇవ్వాలని నాన్న మాట్లాడుకుంటున్నాడు. ఆ సగంలో నా పెట్టె చేరింది. మర్నాడు నాన్న వీధి చివరి వడ్రంగిని పిలుచుకొచ్చాడు. ఆయన పియానో చుట్టూ తిరిగి, వేళ్ళతో కొట్టి చూసి, మంచి టేకు అన్నాడు. రెండు తలుపులు, ఒక చిన్న మంచం వస్తాయని సుద్దముక్కతో గీతలు కూడా గీసేశాడు. అప్పుడు నాన్న తన షరతు చెప్పాడు.

"వచ్చే ఏడు మళ్ళీ మిరప కోతలు వచ్చినాక ఇంకో రెండు నెలల దాకా చూస్తా. అప్పటికి ఈ పెట్టె మీద ఒక్క నెల జీతం తెచ్చి చూపియ్. తెస్తే నీది. తేకపోతే ఈయనది."

ఎవరి జీతం, ఎక్కడి జీతం? నరసరావుపేటలో పియానో వాయించినందుకు డబ్బిచ్చే మనిషి పుట్టలేదు. మాచర్ల, గురజాల దాకా వెతికినా అంతే. గడువు పద్నాలుగు నెలలు. నేను సరేనన్నాను. వెళ్తూ వెళ్తూ వడ్రంగి నా వైపు జాలిగా చూసి, సుద్ద గీతలు తుడవొద్దమ్మాయ్ అన్నాడు.

ముందు పలకని మెట్లు పలకాలి. మా ఎదురు వరసలో కుట్టు మిషన్లు, గ్రామఫోన్లు, నాటకాల వాళ్ళ హార్మోనియాలు బాగుచేసే సాయిబు మామ ఉండేవాడు. పియానో మూత తీసి చూడటం ఆయనకూ అదే మొదటిసారి. గంటసేపు లోపల తల పెట్టి, సుత్తులన్నీ ఒక్కొక్కటే కదిపి చూసి, ఇది మగ్గానికీ వీణకీ పుట్టిన బిడ్డమ్మా అన్నాడు. తీగల బిరడాలు తిప్పడానికి సైకిలు రెంచి నోరు అరగదీసి ఒక తాళంచెవి తయారుచేశాడు. పది రోజుల్లో పదకొండులో తొమ్మిది మెట్లు పలికాయి. తీగలన్నీ వదులైపోయి ఉన్నాయి. వాటిని బిగించి శ్రుతి చేయబోతే టప్పున ఒకటి తెగింది. సాయంత్రానికి ఇంకొకటి.

యుద్ధంలో అలాంటి తీగ దొరకడం గగనం. గుంటూరులో దొరికింది ఆరు రూపాయలు పెట్టి తెప్పించాం. అది రెండు తీగలకే సరిపోయింది. బిగిస్తే ఇంకా తెగుతాయనీ, దొరసానమ్మ ఉన్నప్పటి శ్రుతికి ఇవి ఆగవనీ, అయినా అసలు శ్రుతికే తెచ్చుకోవడం మంచిదనీ, తీగలు మెల్లగా కూర్చుకోవచ్చనీ మామ చెప్పాడు. ఇక్కడ నా బజారు తెలివి మేల్కొంది.

"మామా, అన్నిటినీ ఒకే లెక్కన ఒక మెట్టు కిందికి దించితే ఏమవుద్ది?"

"కింద పలుకుద్ది."

"అన్నీ కిందే గదా. ఎవరికి తెలుస్తది?"

ఆయన మీసం గీక్కున్నాడు. "పెట్టెకైతే తెలవదు. నీ చెవికి సంగతి నాకు తెలవదు."

కొట్లో తూకం రాళ్ళన్నీ ఒకే పాళ్ళలో తక్కువైతే త్రాసుకు తేడా తెలియదు గదా అన్నాను. ఆయన తాళంచెవి అందుకున్నాడు. ప్రతి మెట్టుకూ దాని ఎడమ పక్క మెట్టు స్వరాన్ని ఇచ్చుకుంటూ పోయాం. నాలుగు రోజులు పట్టింది. ఒక్క తీగ తెగలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మకు నేను ఆదా చేసిన డబ్బు లెక్క చెప్పి పొగిడించుకున్నాను.

ఇక సాధన. దొరసానమ్మ గారి దగ్గర వారానికి రెండు గంటలు కూర్చునేదాన్ని. ఇక్కడ రోజుకు ఆరు గంటలు కూర్చున్నాను. అవతలి సగంలో మిరపకాయల బస్తాలు. వాటి ఘాటు పియానోలోకి పోయి, గట్టిగా వాయిస్తే సుత్తుల ఉన్ని లోంచి ఎర్రటి దుమ్ము లేచేది. అందుకని జోరుగా వాయించాల్సిన చోట ముక్కుకు తడిగుడ్డ కట్టుకునేదాన్ని. కొట్లో గిరాకీ ఉన్నప్పుడు నాన్న గోడ మీద కొట్టేవాడు. బేరం మధ్యలో ఆ మొత్తుడు ఆపమని అర్థం. లోపలి మిషను ఏం పిండి ఆడుతుందని ఒక ముసలి రైతు అడిగితే, ఏమీ ఆడదు, తిరగలికి ఎక్కువ, మిల్లుకు తక్కువ అని చెప్పాడట. కాని ఒక సంగతి గమనించాను. నేను మెల్లటి పాట వాయిస్తున్నప్పుడు ఆయన గోడ మీద కొట్టేవాడు కాదు.

పుస్తకాల కట్టలో ఒక జర్మను ఆయన రాసిన మెల్లటి ముక్క ఒకటి ఉంది. నాలుగు పేజీలు. ఎడమ చెయ్యి నీళ్ళు మోసినట్టు ఒకే నడక నడుస్తుంటే, కుడి చెయ్యి మీద నుంచి ఎప్పుడో ఒక మాట అంటుంది. అది పూర్తిగా ఆ గోడౌనులోనే నేర్చుకున్నాను. రాసినవాడు ఎవరని నాన్న అడిగితే చెప్పాను. "మనోళ్ళు యుద్ధం చేసేది వాళ్ళతోనే గదే?" అన్నాడు. ఈయన చచ్చిపోయి వందేళ్ళయిందన్నాను. అయితే సరేలే అని వెళ్ళాడు.

పన్నెండు నెలలు గడిచాయి. వడ్రంగి రెండుసార్లు వచ్చి గీతలు చెరిగిపోలేదు గదా అని చూసుకుని పోయాడు. పదమూడో నెలలో మద్రాసు నుంచి దొరసానమ్మ గారి ఉత్తరం వచ్చింది. ఆమెకు ఇంకా ఓడ దొరకలేదు. అక్కడ ఒక సంగీత సంఘం ఉందట. యుద్ధం వల్ల ఇంగ్లండు సీమ నుంచి వాయించేవాళ్ళు రావడం లేదు కనుక, ఇక్కడివాళ్ళలోనే ఒకరిని ఏడాదికి కుదుర్చుకోవాలని చూస్తున్నారట. పరీక్ష ఫలానా రోజు ఉదయం. వస్తావా అని అడిగారు.

నాన్న ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. గడువు లోపలే ఉంది గనుక రావడం తన ధర్మం అన్నట్టు టిక్కెట్లు తానే తీశాడు. అమ్మ నాకు కొత్త చీర, చెప్పులు కొనిపించింది. నాన్నా నేనూ గుంటూరులో ఒకసారి, తెనాలిలో ఒకసారి బండి మారి మద్రాసు చేరాం. దారి పొడుగునా నేను ఒళ్ళో సంచి మీద వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాను. ఎదురు సీటులో కూర్చున్న ఆవిడ, పిల్లకు ఏమన్నా జబ్బా అని నాన్నను అడిగింది. "ఆఁ. చానా ఖరీదైన జబ్బు" అన్నాడు.

హాలు పెద్దది. వేదిక మీద నల్లటి పియానో, పడుకోబెట్టిన రెక్కలాగా మూత తెరిచి ఉంది. కింద ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కమిటీ పెద్ద, తెల్లజుట్టు దొర. ఒక పక్క పాటలు పాడే దొరసాని, ఇంకో పక్క ఏదో రాసుకునే మనిషి. దొరసానమ్మ గారు వెనక వరసలో కర్ర పట్టుకుని కూర్చున్నారు. నాన్నను లోపలికి రానివ్వలేదు. బయట మెట్ల మీద కూర్చున్నాడు.

నేను నాలుగు పేజీల ముక్క మొదలుపెట్టాను. ఎడమ చేతి మొదటి స్వరం పలకగానే చెయ్యి ఆగిపోయింది. తప్పు మెట్టు నొక్కాననుకున్నాను. చూశాను, మెట్టు సరైనదే. మళ్ళీ మొదలుపెట్టాను. వేలు ఒక చోట ఉంది, స్వరం ఇంకో చోట నుంచి వస్తోంది. నా ఇంట్లో నా కుర్చీలో ఎవరో కూర్చుని నా పేరు తానే చెప్పుకుంటున్నట్టు ఉంది. చెవి పక్కకు జరగమంటుంది, వేళ్ళు జరిగిపోతాయి, రెండు స్వరాలు ఢీకొంటాయి. ఒక పేజీ కూడా దాటలేదు. దొర చెయ్యెత్తి, థాంక్యూ అన్నాడు. ఆ మాటకు అర్థం ఏ భాషలోనైనా ఒకటే.

నేను లేవలేదు. ఇంకొక మాట అడగకుండా లేచి వెళ్ళడం మా వీధిలో తెలియదు. నా స్కూలు ఇంగ్లీషులో, ఏదో పొరపాటు జరిగింది, అదేమిటో నాకింకా తెలియదు, మిగతా అందరి పని అయిపోయాక నాకు పది నిమిషాలు ఇవ్వండి అన్నాను. ఆయన గడియారం చూశాడు. వెనక నుంచి దొరసానమ్మ గారి కర్ర నేల మీద ఒకసారి చప్పుడు చేసింది. సాయంత్రం అయిదుకు, పది నిమిషాలు మాత్రమే అన్నాడు.

బయటికి వచ్చి నాన్న పక్కన మెట్ల మీద కూలబడ్డాను. ఆయన అంతా విన్నాడు. తలుపులు తెరిచే ఉన్నాయి.

"ఇంట్లో ఇట్టా వాయించలేదే నువ్వు" అన్నాడు.

"ఇంటికి పోదాం నాన్నా. వడ్రంగికి ఇచ్చెయ్."

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. "అయిదు దాకా టయిముందన్నారు గదా. గడువు ఉండంగా సరుకు వాపసు తీసుకునే వ్యాపారం నేను చెయ్యను. లే, ఏమయిందో కనుక్కో పో."

ఆ హాలు పియానోలకు శ్రుతి చేసే ముసలాయన రాయపురం తెలుగువాడు. వెళ్ళి అడిగితే ఆయన నన్ను వెనక గదిలో ఉన్న చిన్న పియానో దగ్గరికి తీసుకెళ్ళి, వెనక్కి తిరిగి నిలబడమని ఒక మెట్టు నొక్కి, ఇదేమిటో చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకొకటి. ఇంకొకటి. అన్నీ ఒక మెట్టు ఎక్కువ చెబుతున్నావు, ఒక్కటీ తప్పలేదు, అన్నీ ఒకే తప్పు అన్నాడు. మీ ఇంటి పియానో ఎవరు శ్రుతి చేశారని అడిగాడు. అప్పుడు అర్థమైంది. ఏడాదికి పైగా రోజుకు ఆరు గంటలు, నా చెవికి నేనే తప్పుడు తూకం రాళ్ళు అమ్మాను. త్రాసుకు తెలియదు, నిజమే. కాని నేను బయటి బజారులో సరుకు కొనడానికి వస్తానని ఆ రోజు ఆలోచించలేదు.

ఆయన జాలిపడ్డాడు. చెవి మళ్ళీ దారిలోకి రావడానికి నెలలు పడుతుందన్నాడు. నా దగ్గర మూడు గంటలు ఉన్నాయి. చెవిని మార్చలేను. వేళ్ళను మార్చగలనా? అప్పుడు మా పాస్టరు గారి జలుబు గుర్తొచ్చింది. పాట మొత్తాన్ని ఒక మెట్టు ఎడమకు జరిపి వాయిస్తే, స్వరాలు నా గోడౌనులో పలికినట్టే పలుకుతాయి. చెవి నోరు మూసుకుంటుంది. వేళ్ళు కొత్త దారిన నడవాలి. ప్రార్థన పాటలు నాలుగు వరసలు. ఇది నాలుగు పేజీలు. తెల్లమెట్టు ఉన్నచోట నల్లమెట్టు, నల్లమెట్టు ఉన్నచోట తెల్లమెట్టు. కాని నడక మెల్లది. నేను ఆ గదిలో కూర్చుని ఒక్కో వరసే జరపడం మొదలుపెట్టాను. ముసలాయన పోకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. నాన్న రెండు అరటిపండ్లు పంపించాడు, తినలేదు.

అయిదుకు మళ్ళీ కూర్చున్నాను. మొదటి స్వరం పలికింది. అది నాకు తెలిసిన స్వరం. ఆ తర్వాత ఏం జరిగిందో సరిగా చెప్పలేను. రెండో పేజీలో ఒక చోట, చివర్లో ఒక చోట వేలు జారింది. ఎడమ చెయ్యి మాత్రం ఆగలేదు. ముగించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

తెల్లజుట్టు దొర లేచి వేదిక దగ్గరికి వచ్చాడు. ఈ ముక్కను మొత్తం ఒక మెట్టు కింద వాయించావు, కావాలనేనా అని అడిగాడు. అవునన్నాను. ఎప్పటి నుంచి అలా సాధన చేశావు? మధ్యాహ్నం రెండు నుంచి అన్నాను. ఆయన పక్కనున్న దొరసాని వైపు చూశాడు. నేను తీగలు, సైకిలు రెంచి, తూకం రాళ్ళు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. దాచి చేసే బేరం ఆ రోజు నా వల్ల కాలేదు. శ్రుతి చేసే ముసలాయన తలుపు దగ్గరి నుంచి తల ఊపాడు.

వాళ్ళు ముగ్గురూ కాసేపు గుసగుసలాడారు. ఒంటరిగా కచేరీ చేసే చోటు నాకు ఇవ్వలేమన్నారు; అది పొద్దున వాయించిన ఇంకొకరికి ఇచ్చేశారు. నేను స్టూలు మీద నుంచి లేవబోతుండగా ఆ పాటలు పాడే దొరసాని లేచింది. తనకు వానాకాలం గొంతు దిగుతుందనీ, సంఘంలో పాడేవాళ్ళందరికీ ఏదో ఒక ఇబ్బంది ఉంటుందనీ, ఏ పాటనైనా అడిగిన శ్రుతికి అప్పటికప్పుడు జరిపి వాయించే మనిషి మద్రాసులో దొరకడం లేదనీ చెప్పింది. ఏడాదికి కుదురుతావా అని అడిగింది.

నెలకు ఇరవై అయిదు ఇస్తామన్నాడు దొర. నా ప్రాణం తిరిగి వచ్చింది. ముప్పై అయిదు అన్నాను. చివరికి ముప్పై దగ్గర కుదిరింది. గెలిచానని పొంగిపోయాను. వాళ్ళు నలభై అయిదు దాకా ఇవ్వడానికి సిద్ధపడి కూర్చున్నారనీ, నేను నోరు మూసుకుని ఉంటే ఆ దొరసానే పెంచి ఉండేదనీ తర్వాత ఆవిడే నవ్వుతూ చెప్పింది.

బయటికి వచ్చి చెబితే, నాన్న మెట్ల మీద నుంచి లేచి, కండువా దులుపుకుని, "మొదటి నెల జీతం ముందే ఇస్తారేమో అడక్కపోయావా?" అన్నాడు. అంతే అన్నాడు. సత్రానికి పోతూ దారిలో ఒక చోట ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. సముద్రపు గాలి అన్నాడు. సముద్రం అక్కడికి మైలు దూరం.

మొదటి నెల జీతంలో ఖర్చులు పోను మిగిలింది మనియార్డరు చేశాను. వడ్రంగికి వేరే టేకు వెతికిపెట్టాడట నాన్న. ఆ వేసవికి ఇంటికి వచ్చినప్పుడు నేను, సాయిబు మామ కూర్చుని అన్ని తీగలనూ ఒక మెట్టు పైకి బిగించాం. మూడు తెగాయి. తెగిన ప్రతిసారీ మామ మీసం గీక్కున్నాడు. కూలి ఇవ్వబోతే, చెవి ఖరీదు నీకు ఎక్కువయ్యింది, నాకు వద్దులే అన్నాడు.

నా చెవి దారికి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ ఇతరుల పాటల వెనక కూర్చుని, వాళ్ళ ఊపిరి ఎక్కడ తెగుతుందో చూసుకుంటూ వాయించాను. ఒకరి వెనక వాయించడం అంటే గిరాకీ మొహం చూసి ధర చెప్పడం లాంటిదే. అది నాకు కొత్త కాదు. యుద్ధం అయిపోయిన ఏడాది, కుదిరిన పియానిస్టు జబ్బుపడి, కచేరీకి నాలుగు రోజుల ముందు నన్ను ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆ నాలుగు పేజీల ముక్కతోనే మొదలుపెట్టాను, ఈసారి రాసినచోటనే. ఆ తర్వాత బెంగుళూరులో, హైదరాబాదులో, మళ్ళీ మద్రాసులో. నా పేరు కరపత్రం మీద మొదటి వరసలో అచ్చయింది. దొరసానమ్మ గారికి అప్పటికి ఓడ దొరికింది. ఒక కరపత్రం ఉత్తరంలో పెట్టి పంపించాను.

ఆ మొదటి ఒంటరి కచేరీకి నాకు నూట యాభై రూపాయలు ఇచ్చారు. బేరమాడలేదు. దాన్ని పట్టుకుని నరసరావుపేట వచ్చి, నాన్న ముందు కూర్చుని, ఒక కాగితం మీద రాసి చూపించాను.

వదులుకున్న ట్రైనింగు ఫీజు నూరు. సాయిబు మామకు మొదటిసారి ఇచ్చిన కూలి, తీగలు కలిపి పద్దెనిమిది. చీర, చెప్పులు పద్నాలుగు. ఇద్దరికీ రైలు ఇరవై ఆరు. మద్రాసులో సత్రం, భోజనాలు ఎనిమిది. అద్దెకు ఇవ్వని సగం గోడౌను నెలకు నాలుగు చొప్పున పద్నాలుగు నెలలకు యాభై ఆరు. వెరసి రెండు వందల ఇరవై రెండు. మద్రాసులో మొదటి ఏడాది హాస్టలు ఖర్చు పోను నెలకు ఎనిమిది మిగిల్చి ఇంటికి పంపింది తొంభై ఆరు. అది తీసేస్తే బాకీ నూట ఇరవై ఆరు.

నాన్న పెన్సిలు తీసుకుని గోడౌను అద్దె వరస కొట్టేశాడు. గోడ ఇవతల రోజూ విన్నాను గదే అన్నాడు. నేను ఆ వరస మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశాడు. మా ఇంట్లో అమ్మేవాడు ధర తగ్గిస్తానని, కొనేవాడు తగ్గించొద్దని బేరం జరిగింది అదొక్కసారే. చివరికి నేనే గెలిచాను. ఆయన నూట ఇరవై ఆరు రూపాయలూ రెండుసార్లు లెక్కపెట్టి గల్లాపెట్టెలో వేసుకుని, కాగితం కింద చెల్లు అని రాసి సంతకం పెట్టాడు.

బేరమాడకుండా ఉండి ఉంటే మొదటి ఏడాదే ఇంకో నూట ఎనభై వచ్చి ఉండేది. ఆ నష్టం నా తెలివి ఖాతాలోది, నాన్నకు చూపించలేదు. అది పక్కన పెడితే, ఖర్చులన్నీ పోను, పియానో మీద నాకు చేతిలో మిగిలింది ఇరవై నాలుగు రూపాయలు.